రెండు దెబ్బలంటే పోనీ

నాకు కోపం ఎక్కువ. కాశీబుగ్గలో నా వెల్డింగ్ షాపుకి వచ్చే ప్రతివాడికీ ఆ సంగతి తెలుసు. నేను చేసిన గేటు వంకరగా ఉందని ఎవడైనా అంటే, వంకర నీ గోడది అని మొహం మీదే చెప్పేస్తాను. అలాంటి నా నోరు మూయించగల మనిషి ఒక్కతే, నా చెల్లెలు భవాని. ఇది దాని కథ.

మాది హరిశ్చంద్రపురం. భవానిని ఉద్దానంలో, వజ్రపుకొత్తూరు వైపు కొబ్బరి తోటల్లో ఉండే నిరంజన్‌కి ఇచ్చాం. నిరంజన్‌కి సొంత పికప్పు బండి ఉంది. తోటల్లో కాయలెక్కించుకుని పలాస తెచ్చి దింపేవాడు. అంతకుముందు చాన్నాళ్ళు లారీ మీద క్లీనరు. ఆ అలవాటు పోలేదు. ఎవరి బండి వెనక్కి వస్తున్నా తనదే అన్నట్టు పక్కన నిలబడి రేకు మీద అరచేత్తో కొట్టేవాడు. ఒక దెబ్బంటే ఆపు. రెండంటే పోనీ. తన పెళ్ళిలో మొదటి బంతి భోజనాలు అయ్యాక లేవమని చెప్పడానికి కూడా బల్ల మీద రెండు కొట్టాడు. పంతులుగారు కూడా నవ్వేశారు.

తరవాత అతని కాళ్ళు వాచాయి. మా వైపు ఆ జబ్బు పేరు ఎవరూ పలకరు. "ఆడికీ వచ్చీసిందట" అంటే చాలు, విన్నవాళ్ళు తల దించుకుంటారు. కిడ్నీలు రెండూ పాడైపోయాయన్నారు. వారానికి మూడుసార్లు పలాసలో డయాలసిస్ చేయించాలన్నారు. నిరంజన్ స్టీరింగ్ వదిలాడు, భవాని పట్టుకుంది. ఆడది లోడు బండి తోలడం ఏమిటని తోటల్లో గుసగుసలు. ఎద్దు పుండు కాకికి నొప్పా? వాళ్ళ మాటలు వింటూ కూర్చుంటే మొగుడి ప్రాణం ఎవరు నిలబెడతారు?

దాని ఇబ్బందల్లా ఇంటి నుంచి తారు రోడ్డు దాకా ఉన్న ఇసక దారి. ఆటో రాదు. అంబులెన్సు తారు రోడ్డు మీదే ఆగిపోతుంది. మోటారు సైకిలు మీద ఇద్దరి మధ్యన కూర్చోబెట్టి తీసుకెళ్తే, తిరిగొచ్చేటప్పుడు అతనికి మెడ నిలిచేది కాదు. ఒకరోజు భవాని బండి తెచ్చి సరాసరి నా షాపు ముందు ఆపింది.

"అన్నియ్యా, యెనకాల పడక కట్టీ. ఆసుపత్రి రోజుల్లో ఆయన పడుకుంటాడు. మిగతా రోజులు మడిసీసి కాయలెక్కించుకుంటాను."

"ఇది లోడు బండా, సత్రవా?" అని అరిచాను. "రోగిష్టి మనిషిని కాయల బండిలో ఏసుకెల్తావేటే? ఆ కుదుపులకే సచ్చిపోతాడు!"

"మోటారు సైకిలు మీద గోనె మూటలాగ అట్టుకెల్తంటే బతుకుతాడేటి? నీ వల్ల కాకపోతే సెప్పు, ఇంకోల కాడికి పోతాను."

ఇంకోళ్ళ దగ్గరికా! మర్నాడే పని మొదలుపెట్టాను. ఇనప చట్రం చేసి, పక్క రేకుకి మడత బందులేసి, పైకి మడిచేలా బిగించాను. పాత బస్సు సీటు స్పాంజి తెచ్చి పరిచాను. కమ్మీలు వంచి పైన టార్పాలిన్ కప్పాను. బ్యాటరీ నుంచి తీగ లాగి చిన్న ఫ్యాను పెట్టాను. ఎక్కడానికి వెనక మెట్టు కట్టాను. అన్నీ బాగానే ఉన్నాయి గానీ చక్రాల మీది స్ప్రింగు పట్టీలు, కమాన్లు మాత్రం లొంగలేదు. అవి లోడు కోసం చేసిన కమాన్లు. ఖాళీ బండి ప్రతి గుంతకీ గుర్రంలాగ ఎగిరింది. ఒకటి రెండు పట్టీలు తీసేద్దామంటే కాయల బరువుకి ఆగదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. సుత్తి నేలకేసి కొట్టాను.

భవాని నా వంక చూసి, "అంత కోపవేటి? బరువుంటే బండి ఎగరదు, ఊగుద్ది. పడక కింద కాయలు పోసీ" అంది. పోశాం. బండి ఉయ్యాలలాగ నడిచింది. ఇసకలో దిగబడితే చక్రాల కింద వెయ్యడానికి ఎండు కొబ్బరి మట్టలు కూడా ఒక పక్కన కట్టుకుంది.

ఆ సాయంత్రం నిరంజన్‌ని పడకెక్కించి సముద్రం ఒడ్డు దాకా తీసుకెళ్ళాం. అతను పక్క మీద వాలి ఫోను నాకు చూపించాడు. ఎవరో తెల్లవాళ్ళు ఇలాంటి బండిలోనే పడకా పొయ్యీ పెట్టుకుని అడవులు తిరుగుతున్నారు.

"సూడు బావా, ఈలు సరదాకి సేసుకున్నారట. మనకీ అయింది. ఈ బండి మీద ఇచ్ఛాపురం దాటి ఒడిశా అంతా తిరిగొద్దుమా?"

"నువ్వు లేచి తోలు, నేను వంట చేస్తాను" అన్నాను. పకపకా నవ్వాడు. నవ్వితే దగ్గొచ్చింది. గుక్కెడు నీళ్ళడిగాడు. భవాని చిన్న గిన్నెలో అడుగు తడిసేంత పోసి ఇచ్చింది. అంతకంటే తాగితే ఒంట్లో నీరు చేరిపోతుంది. కొబ్బరినీళ్ళయితే అతనికి అసలే విషం. అతను గిన్నె నాకి, పడక కింద కాయల్ని చేత్తో తడిమాడు. "కింద ఇన్ని నీల్లెట్టుకుని పైన నాలికెండిపోతంది. ఇదేటి రాత బావా?" అన్నాడు. నేను అటు తిరిగి, ఎవరూ అడక్కుండానే టైర్లు చూశాను.

వర్షాకాలం చివర్లో వాయుగుండం పట్టుకుంది. టార్పాలిన్ చిరిగిందంటే బాగుచేద్దామని వాళ్ళింటికి వెళ్ళిన నేను అక్కడే చిక్కుకుపోయాను. చెట్లు కూలి దారి మూసుకుపోయింది. డయాలసిస్ ఒకటి తప్పిపోయింది. ఊళ్ళోవాళ్ళు చెట్లు నరికి దారి చేసేసరికి నిరంజన్ మొహం ఉబ్బిపోయి, మంచం పట్టె పట్టుకుని కూర్చునే ఉన్నాడు.

అందరం కలిసి బండెక్కించి పడక మీద పడుకోబెట్టాం. ఒక్కసారిగా నా చొక్కా పట్టుకుని గింజుకున్నాడు.

"పడుకోబెట్టకు... బావా... మునిగిపోతన్నాను."

"నీ కోసవే కదా కట్టాను! పడుకో!" అని కసిరాను. నా బుద్ధి అలాంటిది.

"లేపన్నియ్యా!" భవాని కేక పెట్టింది. "పెదాలు సూడు, నల్లబడిపోతన్నాయి! నీరు రొమ్ములోకి వచ్చీసినాది. లేపు!"

లేపితే కాస్త ఊపిరి తిరిగింది. కానీ ఆనుకోవడానికేముంది? దిండు పెడితే జారిపోతోంది. పక్క రేకు తడిసి నున్నగా ఉంది. బందులు, ఫ్యాను, మెట్టు అన్నీ పెట్టాను. మనిషి కూర్చుని ఆనుకోడానికి ఒక్క కమ్మీ పెట్టలేదు. పడక అంటే పడుకోడానికే అనుకున్నాను, నా మొహం మండ!

"నీ ఈపియ్యి" అంది భవాని. నన్ను పడక మీద కూర్చోబెట్టి, నా వీపుకి అతని వీపు ఆనించి, ఇద్దరి నడుములకీ కలిపి తువ్వాలు కట్టింది.

"ఊపిరాడతన్నంతసేపూ రేకు మీద రెండు కొడతా ఉండు. ఇంక లేదంటే ఒకటి కొట్టు. అప్పుడు ఆపుతాను. ఇసకలో ఒకపాలి ఆపితే ఈ బండి మరి కదల్దు. గేపకముంచుకో."

బండి కదిలింది. చక్రాల కింద ఇసకంతా నీళ్ళూ బురదా. అతని ఊపిరి నా వెన్నులో తెలుస్తోంది. ఎక్కుతోంది, గురగుర లాడుతోంది, దిగుతోంది. రెండు కొట్టాను. మళ్ళీ ఎక్కింది. రెండు కొట్టాను. దేవుళ్ళందరికీ మొక్కాను. మొక్కుతూనే అందర్నీ తిట్టాను. పల్లంలో బండి ఒక పక్కకి ఒరిగింది, చక్రం తిరిగిందే గానీ ముందుకి పోలేదు. లోపల నుంచి భవాని "పోవే తల్లీ, పోవే!" అని బండిని బతిమాలుతోంది. ఎలాగో ఎక్కించింది.

ఆ తరవాత నా వీపుకి ఏమీ తెలియలేదు. ఊపిరి కోసం చూశాను. "బావా!" అన్నాను. పలకలేదు. చెయ్యెత్తాను. ఒకటి కొట్టడానికి చెయ్యి రాలేదు. రెండు కొట్టడానికి మనసు రాలేదు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది. చప్పుడు లేకపోయేసరికి భవాని జోరు తగ్గించింది. ఇంజను మూలిగింది. చక్రాలు కూరుకుపోతున్నాయి. అయిపోయింది అనుకున్నాను. నోరు తెరిచి ఏడ్చేశాను.

నా వెనక నుంచి రేకు మోగింది. డబ్. డబ్.

నేను కొట్టలేదు.

బండి ఒక్క ఉరుకు ఉరికి తారు రోడ్డెక్కింది. ఇసక కోసం టైర్లలో గాలి తగ్గించి ఉన్నా, నింపడానికి ఆగకుండా భవాని పలాస దాకా తోలింది. ఆసుపత్రిలో మాస్కు పెట్టారు, మిషనెక్కించారు. మధ్యాహ్నానికి అతని మొహంలో రంగొచ్చింది. నన్ను చూసి కళ్ళార్పాడు.

బయట భవాని బండి మెట్టు మీద కూర్చుని చీర కుచ్చిళ్ళు పిండుకుంటోంది. నేను దాని పక్కన కూలబడ్డాను.

"మధ్యలో నేను కొట్టడం మానేశానే. చెయ్యి రాలేదు" అన్నాను.

"తెల్సు. ఆఖరున కొట్టింది ఆయనే. ఆ దెబ్బ నాకు తెల్దేటి?" అని కళ్ళు తుడుచుకుంది. వెంటనే లేచి బండిలోకి చూపించింది. "ఏడిసింది సాల్లే గానీ, ఆ పడకకి ఆనుకోడానికి ఈపు కట్టు. ఎల్లుండి మల్లీ రావాల."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో తెలియదు. "ఎల్లుండి, మళ్ళీ ఎల్లుండి, మళ్ళీ ఎల్లుండి! ఆ ఇసకలో ఎన్నాళ్ళు తోలుతావే ఇలాగ?" అని రోడ్డు మీదే అరిచాను.

భవాని తాళాలు నా చేతిలో పెట్టింది.

"ఆయన ఒకటి కొట్టీదాకా" అంది.