డి కింద ఎస్

నాణేలు పోగుచేసే పెద్దమనుషులంటే క్రిస్పినా దలుంపినెస్‌కు పరమ చులకన. ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలోలో, లాపాజ్ మార్కెట్ వెనకవైపు ఆమెది వెండి కొట్టు. అక్క అన్నట్టుగా అందరూ ఆమెను ‘నాంగ్ పినా’ అనేవారు. పల్లెల ఆడవాళ్ళు అమ్మమ్మల నాటి అమెరికా పాలన కాలపు వెండి నాణేలు తెచ్చి, కరిగించి కమ్మలో మేరీమాత బిళ్ళలో చేసిపెట్టమనేవారు. మూసలో వేసేముందు ప్రతి నాణేన్నీ ఆమె కంటద్దం పెట్టుకుని చూసేది. ఎందుకు చూస్తోందో మొదట్లో తనకే తెలియదు. చూడగా చూడగా, ఒకే అచ్చు కింద పుట్టిన నాణేలు తోబుట్టువుల్లా కనిపించసాగాయి. నాణెం మీది గద్దకు ఒకే రెక్క దగ్గర ఒకే సన్నని చీలిక గీత, ఒకే అంకెకు అదే వంకర. ముప్పై ఏళ్ళుగా వాటి బొమ్మలన్నీ స్కూలు నోటుబుక్కులో గీసి పెట్టుకుంది.

ఊళ్ళో నాణేల సంఘం ఒకటుంది. నెలకో ఆదివారం హోటల్లో కూడి ప్రార్థన చేస్తారు, జాతీయగీతం పాడతారు, గంటసేపు ఉపన్యాసాలిచ్చుకుంటారు, కాల్చిన పంది తింటారు. నాణెం వైపు చూసేది తక్కువ, నాణెం పట్టుకున్న తమను ఎవరు చూస్తున్నారా అని చూసుకునేది ఎక్కువ. సంఘానికి పద్నాలుగేళ్ళుగా ఒక్కరే అధ్యక్షుడు, అటార్నీ ఒనొరాతో హరబెలో.

ఆ ఏడు వార్షిక ప్రదర్శనకు ముందు అటార్నీ ఆమె కొట్టుకొచ్చి వెల్వెట్ పెట్టె తెరిచాడు. అందులో 1944 నాటి ఇరవై సెంటావోల నాణెం.

“నాంగ్ పినా, దీనికి వెండి చట్రం కావాలి. జాగ్రత్త సుమా. డి కింద ఎస్ ఉన్న నాణెం ఇది. చూడ్డానికి మనీలా నుంచి నాణేల నిపుణురాలు వస్తోంది.”

ఈ నాణేలు ముద్రించిన అమెరికా టంకశాలల్లో డెన్వర్ గుర్తు డి, శాన్‌ఫ్రాన్సిస్కోది ఎస్. ఆ రోజుల్లో ఆ అక్షరాన్ని అచ్చులోకి చేత్తో కొట్టేవారు. ఎస్ కొట్టిన అచ్చు మీదే మళ్ళీ డి కొడితే, డి కడుపులో ఎస్ ఒంపు మిగిలిపోతుంది. అలాంటివి బహు అరుదు. క్రిస్పినా కంటద్దం తగిలించుకుని చూసింది.

“దీని కింద ఎస్ లేదు అటార్నీ.”

“ఏంటీ?”

“అచ్చు వదులై దెబ్బ జారింది. అంచు చూడండి, మెట్టులా చదునుగా ఉంది. నిజంగా రెండు అక్షరాలు పడితే డి లావెక్కుతుంది. ఇది చిక్కిపోయింది. పక్కనున్న ఒకటి అంకె కూడా అటువైపే చదునైంది. దాని కింద కూడా ఎస్సే ఉందంటారా?”

అటార్నీ నవ్వాడు. “నువ్వు వెండి కరిగించుకో నాంగ్. పుస్తకాలు మేం చదువుతాంలే.”

“పుస్తకాలు చదివారు సరే. నాణెం ఎప్పుడు చదువుతారు?”

ఆయన వినిపించుకోలేదు. ఆమె చట్రం మాత్రం అందంగా చేసిచ్చింది.

ప్రదర్శనలో ఏం జరిగిందో ఎదుటి కొట్టు లొరెటా చెప్పింది. ఆ రోజు హోటలుకి బచోయ్ సూపు తీసుకెళ్ళింది ఆమే.

“మనీలా నుంచి యాప్ అని ఓ పెద్దావిడ వచ్చింది నాంగ్. అరనిమిషం చూసి, జారిన దెబ్బ, మామూలు నాణెం అనేసింది. ఆయన మొహం ఉడికిన పీతలా అయిపోయింది! ఎంతసేపు? అంతలోనే మైకు లాక్కుని, ‘సభ్యుల చూపుకి పరీక్ష పెట్టాను, ఒక్కరూ పట్టుకోలేదు, సిగ్గుచేటు’ అన్నాడు. అందరూ చప్పట్లు!”

“చప్పట్లా?”

“లేచి నిలబడి మరీ.”

మర్నాడు అటార్నీ బిస్కోచో రస్కుల పొట్లంతో దిగాడు.

“మనిద్దరం కలిసే ఆ పరీక్ష పెట్టామని యాప్ గారికి చెప్పాను నాంగ్. ఆవిడ నీ దగ్గరికి వస్తానంది. అడిగితే అవునను. సంఘంలో గౌరవ సభ్యత్వం ఇప్పిస్తా.”

క్రిస్పినా పొట్లాన్ని వెనక్కి తోసింది. “అక్కడ నాకేం పని అటార్నీ? నాకు చప్పట్లు కొట్టడం రాదు.”

మాట పూర్తయ్యేసరికి యాప్ గారు కొట్టు ముందు నిలబడి ఉంది. డెబ్బై దాటిన మనిషి. “పరీక్ష సంగతి నిజమేనా?” అని నేరుగా క్రిస్పినాను అడిగింది.

“కాదు. నేను చెప్పాను. ఆయన నవ్వారు.”

అటార్నీకి ఉన్నట్టుండి కోర్టు పని గుర్తొచ్చింది. కానీ యాప్ గారు, “మరి మీరు డి కింద ఎస్ ఉన్న అసలుది ఎప్పుడైనా చూశారా?” అనేసరికి గుమ్మంలోనే ఆగిపోయాడు.

“ఇండాయ్, ఇలా వచ్చి నీ ఎడమ చెవి చూపించు!” అని చెల్లెల్ని పిలిచినట్టు ఎదుటి కొట్టులోకి కేకేసింది క్రిస్పినా.

లొరెటా గరిటె పట్టుకునే వచ్చింది. ఆమె కమ్మలు రెండూ 1944 నాటి ఇరవై సెంటావోలు. వాటికి కొక్కేలు మాటుపెట్టి అతికించింది క్రిస్పినాయే. ఎడమ చెవిదాని సంగతి అప్పుడే చెప్పింది కూడా. యాప్ గారు చెవి దగ్గర అద్దం పెట్టి చాలాసేపు చూసింది. “ఉంది. ఒంపు స్పష్టంగా ఉంది. మాటు పడింది కాబట్టి కొనేవాళ్ళు విలువ కట్టరు గానీ, అసలుదే.”

“ఎంతకిస్తావ్ ఇండాయ్?” అన్నాడు అటార్నీ.

“మా అమ్మ నాణేలవి. బచోయ్ కావాలంటే చెప్పండి, వేడిగా ఉంది.”

ఆయన వెళ్ళాక యాప్ గారు సాయంత్రం దాకా నోటుబుక్కు ముందే కూర్చుంది. ఒక పేజీ దగ్గర ఆగి, “ఈ రెండూ ఒకే అచ్చువి కావు, గీత చోటు వేరు,” అంది. క్రిస్పినా పెదవి విరిచింది. నాలుగుసార్లు చూసింది. చివరికి తను గీసింది తనే కొట్టేసింది. ముప్పై ఏళ్ళలో కారణం చూపించి ఆమెను తప్పన్న మనిషి మరొకరు లేరు. ఆ సంతోషంలో కొట్టు మూసే వేళ కూడా మరిచిపోయింది.

అటార్నీ మాత్రం వారం పాటు రోజూ బచోయ్ తిని, ఒకనాడు లొరెటాను బతిమాలి చెవి ఫోటో తీసుకున్నాడు. నెలాఖరుకి సంఘం పత్రికలో అది అచ్చయింది. కింద, “మన అధ్యక్షులవారి అపూర్వ ఆవిష్కరణ.” లొరెటా మండిపడుతూ పత్రిక తెచ్చి బల్లమీద పడేసింది.

క్రిస్పినా కంటద్దం పెట్టుకుని ఫోటో చూసింది.

“ఇది కుడి చెవి,” అంది.

దిద్దమని ఎవరికీ ఉత్తరం రాయలేదు.