పేరు పట్టే గిటారు

మొదటగా దేవునికి స్తోత్రం. మట్టి గొంతులో పాట పెట్టినవానికి, లాగి కట్టిన తీగలో స్వరం దాచినవానికి, ఆదివారం ఉదయం కరెంటు ఉంచేవానికి, అది పోయినప్పుడు కూడా మమ్మల్ని విడువనివానికి స్తోత్రం. ఆయనకు మహిమ చెల్లించాకే మనుషుల సంగతి చెబుతాను. వాళ్ళ పేర్లు మాత్రం రాయను. ఇదంతా పేర్ల వల్లనే జరిగింది.

మా సంఘం మహబూబాబాద్‌లో ఉంది. రేకుల మందిరం. నేను అక్కడే సండే స్కూల్లో వాక్యాలు కంఠస్థం చేసి పెరిగాను, ఇప్పుడు అక్కడే పాటలు నడిపిస్తున్నాను. మా మందిరంలో పేరు లేని వస్తువు లేదు. కుర్చీ వెనుక పేరు, బల్ల అంచున పేరు, నీళ్ళ డ్రమ్ము మీద పేరు, ప్రేమవిందు వండే బగోన మీద చెక్కిన పేరు. గోడ గడియారంలో ఒక కుటుంబం కుటుంబమే కాపురముంటుంది. పన్నెండు దగ్గర తాత ఉంటే ఆరు దగ్గర మనవరాలు. ప్రతిదాని మీదా పైన 'దేవునికి మహిమ' అని చిన్న అక్షరాల్లో, ఆ మహిమ ఎవరి ద్వారా కలిగిందో కింద పెద్ద అక్షరాల్లో ఉంటుంది.

ఫ్యాన్ల రెక్కల మీద కూడా ఎర్ర రంగుతో పేర్లున్నాయి. ఫ్యాను తిరిగితే పేరు కనిపించదు. పేరు కనిపిస్తే గాలి రాదు. ఎండాకాలం ప్రసంగం మధ్యలో కరెంటు పోతే సంఘమంతా ఉస్సురంటుంది. ఫ్యాన్లిచ్చిన పెద్దమనిషి మాత్రం తల పైకెత్తి, వెలిగే ముఖంతో కూర్చుంటాడు. అది పైనున్న వాటి మీద మనసుంచే భక్తి అని చాలాకాలం అనుకున్నాను.

మందిరంలో ముందు చాప మీద కూర్చునే అవ్వ ఒకామె ఉంది. ఆమె భర్త కేసముద్రం మార్కెట్లో పత్తి బస్తాలు మోసిన హమాలీ. మా సంఘానికి మైకు రాకముందు పాటలు నడిపించింది ఆయనే. ఒక చేత్తో కంజీర పట్టి పాట ఎత్తుకుంటే బయట రోడ్డు మీద ఆటోవాళ్ళు కూడా హారన్ తగ్గించేవాళ్ళు. కానుకగా ఇవ్వడానికి ఆయన దగ్గర గొంతు తప్ప ఏమీ లేదు. గొంతు మీద పేరు రాసే పెయింటరు మా ఊళ్ళో లేడు. ఆయన ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయాక ఒక ఆదివారం, ఆరాధన అయ్యాక, అవ్వ నన్ను ఆపింది. ఆమెకు చదువు రాదు.

"బిడ్డా, గా ఫ్యాను మీద ఎవలున్నరు?"

చదివి చెప్పాను.

"గడియారం మీద?"

చెప్పాను. బల్లలు, డ్రమ్ము, బగోన, కానుకల పెట్టె, అన్నీ చదివించుకుంది. చివరికి అడిగింది: "మరి మా ఆయన ఏడున్నడు?"

"పరలోకంలో ఉన్నాడవ్వా."

"గది నాకు ఎరుకే. ఈడ ఏడున్నడు అంటున్న."

ఆ మాట భూపాలపల్లిలో బొగ్గుబాయి పనిలో ఉన్న ఆమె కొడుక్కి కూడా చేరింది. అతను నాకు ఫోన్ చేశాడు. "అక్కా, మందిరంల గిటారు మెడ వంగిపోయిందన్నరు గద. కొత్తది కొనుండ్రి, నేనిస్త. ఎంతదైనా పర్వాలేదు. బాపు పేరు మాత్రం కనవడాలె. అవ్వకు గదొక్కటే ఆశ."

అలా ఎలక్ట్రిక్ గిటారు మా సంఘంలోకి రావడానికి తలుపు తెరుచుకుంది. వెంటనే సంఘం రెండుగా చీలింది.

మా సంఘంలో గిటారు వాయించే తమ్ముడికి పేరున్న విదేశీ కంపెనీది కావాలి. ఫోన్లో దాని బొమ్మ పెట్టుకుని, ఉపవాస ప్రార్థనలో కూడా చూసుకునేవాడు. కోశాధికారి అయిన సంఘ పెద్దకు చవక కంపెనీది చాలు. తేడా మేకకూ పాడిబర్రెకూ ఉన్నంత. కమిటీలో ఇద్దరూ వాక్యంతోనే కొట్లాడుకున్నారు. తమ్ముడు ఖరీదైన అత్తరు బుడ్డి పగలగొట్టి ప్రభువు తల మీద పోసిన స్త్రీని తెచ్చాడు. పెద్దాయన రెండు కాసులు వేసిన విధవరాలిని తెచ్చాడు. తమ్ముడు దేవాలయానికి పూసిన బంగారం చూపించాడు, పెద్దాయన పశువుల తొట్టి చూపించాడు. వింటున్న పాస్టరు గారు ఇద్దరికీ ఆమెన్ అన్నారు. నాకు లోపల అత్తరు బుడ్డి మీదే మనసుంది. కానీ ఆ స్త్రీ బుడ్డి మీద తన పేరు రాయించినట్టు ఎక్కడా లేదు కదా అన్న సందేహం మమ్మల్ని ఎవరినీ తాకలేదు.

చివరికి చూసి తేల్చుకుందామని జనగామ బయలుదేరాం. పెద్దాయన, తమ్ముడు, నేను, మాతోపాటు అవ్వ. "పేరు నా పెనిమిటిది. జాగ నేను చూస్త" అని ఆమే రైలెక్కింది.

జనగామలో ఆ దుకాణం బ్యాండు మేళాల వాళ్ళది. సన్నాయిలు, డ్రమ్ములు, సొట్టలు తీసిన బాకాలు గోడ నిండా వేలాడుతుంటాయి. దుకాణం భాయ్ చవక గిటారును గోడ మీంచి తీశాడు. నల్లగా, వెడల్పుగా ఉంది. ఖరీదైనది మాకు చూపించడానికే హైదరాబాదు నుంచి తెప్పించాడు. దాన్ని చంటిపిల్లను ఎత్తినట్టు పెట్టెలోంచి ఎత్తాడు. దాని మెడ చివర బంగారు అక్షరాల్లో కంపెనీ పేరు మెరిసిపోతోంది.

అవ్వ ముందుకు వంగింది. "ఇదెవల పేరు?"

"కంపెనీ పేరు అవ్వా" అన్నాడు భాయ్.

"మన సంఘపాయనదేనా?"

"కాదవ్వా, చేసినోళ్ళది."

"గాయన ఎంతిచ్చిండు?"

"ఆయన ఇచ్చుడేంది అవ్వా, మనమే ఆయనకియ్యాలె."

"పైసలు మనయి, పేరు గాయనదా?" అవ్వ నా వైపు తిరిగింది. "గిదేం కానుక బిడ్డా? ఇచ్చినోళ్ళ పేరు గద ఉండాలె!"

పెద్దాయనకు ఈ మాట ప్రవచనంలా వినిపించింది. "అడుగు అవ్వా, ఇంక అడుగు" అన్నాడు.

తమ్ముడు పరేషాన్ అయ్యాడు. "పెద్దనాయినా, శబ్దం ఇనుండ్రి జర. శబ్దంల తేడా తెలుస్తది."

"అయితే నేను అటు తిరుగుత. రెండూ వాయించు. ఏది ఏదో నేనే చెప్త."

పెద్దాయన బాకాల వైపు ముఖం పెట్టి నిలబడ్డాడు. తమ్ముడు రెండింటి మీదా ఒకే పల్లవి వాయించాడు.

"రెండోది మంచిగుంది. గదే ఖరీదుదై ఉంటది" అన్నాడు పెద్దాయన. అది చవకది.

"మీకు తెల్వకపోవచ్చు. దేవునికి తెలుస్తది" అన్నాడు తమ్ముడు, కోపం ఆపుకుంటూ.

"దేవునికి గంత తెలిస్తే, నువ్వు పోయిన ఆదివారం తప్పు వాయించింది గూడ తెలిసే ఉంటది. ముందు గది ఒప్పుకో."

దుకాణం భాయ్ నవ్వు దాచుకోలేక చాయ్ చెప్పి పంపాడు. రెండూ మంచివే అన్నాడు. ఏది కొన్నా అతనికి మంచిదే.

పెద్దాయన ఖరీదైన గిటారు మీద చెయ్యి పెట్టి, దీని మీద పేరు ఎక్కడ రాయిద్దామని అడిగాడు. భాయ్ ముఖం పాలిపోయింది. "దీని మీద పెయింటా సాబ్? తోబ తోబ! గుర్రానికి సున్నం ఏసినట్టు!"

అంతటితో తీర్పు వెలువడింది. ఖరీదైనదాని మీద పేరు పట్టదు, చవకదాని మీద పడుతుంది. భాయ్ మళ్ళీ గోడకు తగిలించిన నల్ల గిటారు కింది భాగంలో, తీగలకు పక్కన, అరచేతులు రెండు పట్టేంత ఖాళీ స్థలం ఉంది. అవ్వ దాన్ని వేళ్ళతో తడిమి చూసింది. "ఈడ మంచిగ కూసుంటడు" అంది భర్తను గురించి. తమ్ముడు తిరుగు రైల్లో ఫోన్లో బొమ్మ మార్చుకున్నాడు.

కేసముద్రంలో లారీలకూ ట్రాక్టర్లకూ పేర్లు రాసే పెయింటరే దీనికీ రాశాడు. పెద్దాయన దగ్గరుండి, గిటారును బాటిల్‌లా నిలబెట్టి రాస్తే వాయించేటప్పుడు అక్షరాలు పడుకుంటాయని, పడుకోబెట్టి రాయించాడు. అంత ముందుచూపు. పైన 'దేవునికి మహిమ', కింద పచ్చటి అక్షరాల్లో అవ్వ భర్త పేరు, ఆ కింద 'జ్ఞాపకార్థం'. పెయింటరు అలవాటుకొద్దీ రెండు వైపులా రెండు పావురాలు కూడా వేశాడు. అవి ఆత్మకు గుర్తు అని పాస్టరు గారు ఒప్పుకున్నారు. మెడ చివరనున్న కంపెనీ పేరు మీద చిన్న సిలువ వేయించారు.

ప్రతిష్ఠ ఆదివారం రానే వచ్చింది. భూపాలపల్లి నుంచి కొడుకు సెలవు పెట్టి వచ్చాడు. అవ్వ తెల్ల చీర కట్టుకుని చాప మీద అందరికంటే ముందు కూర్చుంది. పాస్టరు గారు గిటారు మీద నూనె రాసి ప్రార్థించి, తమ్ముడి మెడలో వేశారు. కొడుకు వీడియో తీయడానికి ఫోన్ ఎత్తాడు. నేను పాట ఎత్తుకున్నాను. తమ్ముడు కుడిచెయ్యి వేశాడు.

పేరు మాయమైంది.

జనగామ దుకాణంలో గిటారు గోడకు వేలాడుతుండగా చూశాం. తమ్ముడు వాయించినప్పుడు విన్నామే గానీ చూడలేదు. వాయించేవాడి మోచేయి సరిగ్గా ఎక్కడ ఆనుతుందో అక్కడే అవ్వ భర్తను కూర్చోబెట్టాం. రెండు పావురాల తోకలు మాత్రం చెరో పక్క కనబడుతున్నాయి.

అవ్వకు అక్షరాలు రావు గానీ, పచ్చరంగు ఎక్కడ ఉండాలో బాగా తెలుసు. మెడ అటు వంచింది, ఇటు వంచింది. చరణం మధ్యలో లేచి నిలబడింది.

"చెయ్యి తియ్యి బిడ్డా!"

తమ్ముడు బెదిరి చెయ్యి తీశాడు. గిటారు ఆగింది. నా గొంతు ఒంటరిగా రెండు మాటలు నడిచి అదీ ఆగింది. నిశ్శబ్దంలో పచ్చగా పేరు కనబడింది. కొడుకు గబగబా వీడియో తీశాడు. తమ్ముడు మళ్ళీ చెయ్యి వేశాడు. పాట వచ్చింది, పేరు పోయింది.

"మళ్ళ పాయె!" అంది అవ్వ.

వెనుక వరుసల్లో పిల్లలు నవ్వడం మొదలుపెట్టారు. పెద్దాయన నా పక్కకొచ్చి, గిటారు వెనక వైపు మళ్ళీ రాయిద్దామా అని గుసగుసలాడాడు. "వెనక రాస్తే నా పొట్టకే కనవడ్తది" అని తమ్ముడు పళ్ళ మధ్య నుంచి అన్నాడు. నేను పైకి చూశాను. ఫ్యాన్లు జోరుగా తిరుగుతున్నాయి. ఒక్క పేరూ కనబడలేదు.

అవ్వ మెల్లగా వేదిక దగ్గరికి వచ్చింది. తమ్ముడి మోచేయి పక్కకు జరిపి, అక్షరాల మీద చెయ్యి పెట్టింది. ఆమె ఏమంటుందోనని సంఘమంతా మెడలు చాచింది. కొడుకు ఫోన్ దించేశాడు.

"ఉన్నడు" అంది. చెయ్యి తీసి, "ఇగ వాయించు బిడ్డా. నడుమల పాట ఆపితే మా ఆయనకు మస్తు కోపమొచ్చేది. నన్ను గూడ ఇడవకపోతుండె. పాట అయినంక చెయ్యి తియ్యి, గప్పుడు చూస్త" అని వెళ్ళి చాప మీద కూర్చుంది.

పాట మొదటి నుంచి ఎత్తుకున్నాం. అయిపోయాక తమ్ముడు కుడిచెయ్యి పైకెత్తి కదలకుండా నిలబడ్డాడు. అవ్వ చూసుకుంది. తల ఊపింది. అప్పుడు పాస్టరు గారు ప్రార్థన చేశారు.

అప్పటి నుంచి మా దగ్గర అదే పద్ధతి. పాట అయ్యాక గిటారు తమ్ముడు చెయ్యెత్తి నిలబడతాడు, అవ్వ తల ఊపుతుంది, తర్వాతే ఆమెన్. ఆ మధ్య కూటాలకు వచ్చిన ఒక ప్రసంగీకుడు ఆ నిశ్శబ్దంలో ఆత్మ సంచారం చూశానని సాక్ష్యమిచ్చారు. అవ్వ ముఖం చూసే నేను అది అబద్ధమనలేను. కేసముద్రం దగ్గరి ఒక సంఘంలో కూడా ఇప్పుడు గిటారు వాయించే అబ్బాయి పాట అయ్యాక చెయ్యెత్తి నిలబడుతున్నాడట. వాళ్ళ గిటారు మీద ఏ పేరూ లేదు.

ఇంతవరకు చదివిన మీరు ఒక్క నిమిషం నాతో తల వంచండి. అవ్వ కంటికి శుక్లం వస్తోంది, చూపు నిలబెట్టమని అడగండి. మా తమ్ముడికి ఖరీదైన గిటారు మీద ఉన్న ఆశను తీర్చమనో, తీసివేయమనో, ఏది ఆయన చిత్తమైతే అది చేయమని అడగండి. మా ఫ్యాన్ల పెద్దమనిషి ఫ్యాన్లు తిరుగుతున్నప్పుడు కూడా సంతోషంగా ఉండేలా అడగండి. మా అందరి పేర్ల మీదా ఎవరిదో ఒక చెయ్యి పడుతూనే ఉంటుంది. అయినా పాట నడుమ ఆగకూడదని మాతో కలిసి ప్రార్థించండి.