ముగ్గు గీసిన మందుల కవరు

మా డిజైన్ సార్ పోయారని పొద్దున్నే ఎల్లారెడ్డి నుంచి ఫోన్ వచ్చింది. కామారెడ్డిలో దొరికిన బస్సు ఎక్కాను. దారంతా ఆయన మాటే చెవిలో మెదిలింది: "కవరు ఎంబడి నువ్వు గూడ పోతవా, బిడ్డా?"

ఆయన రోజూ ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి వచ్చి మాకు పాఠం చెప్పేవారు. బొమ్మ గీసి తీసుకెళ్తే ముందుగా చూసేవారు కాదు. "ఎవలి కోసం గీసినవో వాళ్లకు చూపెట్టు. నా దగ్గరికి తర్వాత రా" అనేవారు. చూపేటప్పుడు ఒక షరతు. గీసినవాళ్లు దాన్ని వివరించకూడదు. చూసినవాళ్లు ఏమంటే అది విని రావాలి.

కాన్వెంటులో ప్రార్థనకు తప్ప గొంతు విప్పని పిల్లను నేను. కొత్తవాళ్ల దగ్గరికి వెళ్లాలంటే కాళ్లు కదిలేవి కావు. ఈ చదువు నాకు రాదు, మానేస్తానని చెప్పేశాను.

"ఈ ఒక్క పని జేసి మానెయ్" అన్నారు.

మందుల దుకాణంలో మాత్రలు వేసిచ్చే చిన్న కాగితం కవర్లు. చదవడం రానివాళ్లకు కూడా ఏది పొద్దుటిదో, ఏది రాత్రిదో బొమ్మ చూస్తే తెలియాలి. పొద్దుటికి కొండ మీద సగం సూర్యుణ్ణి, రాత్రికి నెలవంకను గీశాను. క్లాసులో అందరూ సూపర్ అన్నారు.

"సూపర్‌తోని ఏం జేస్తవ్? ఏం సమజైందో అడుగు" అన్నారు సార్.

ఎల్లారెడ్డి బస్టాండులో నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి, ఆయన దూరంగా చాయ్ కొట్టు దగ్గర నిలబడ్డారు. పక్కన బీడీ ఆకుల సంచితో కూర్చున్న అవ్వకు సూర్యుడి కవరు ఇచ్చి, ఎప్పుడు వేసుకోవాలో చెప్పమన్నాను.

"పొద్దుగూకుతున్నది గదా బిడ్డా, గప్పుడే" అంది.

ఉదయానికీ సాయంత్రానికీ నా బొమ్మలో తేడానే లేదు. కాదని వివరించబోయాను గానీ, షరతు పెడుతూ సార్ అన్న "కవరు ఎంబడి నువ్వు గూడ పోతవా" గుర్తొచ్చి కవరు వెనక్కి తీసుకున్నాను.

తర్వాతి వారం కోడిపుంజును గీసి తీసుకెళ్లాను. గాంధారి బస్సు కోసం కూర్చున్న పెద్దాయన కవరు తిప్పి తిప్పి చూశాడు.

"కోడికూర తిన్నంక ఏసుకోవాల్నా? డాక్టరు నాకు కూరే బందు వెట్టమన్నడు!"

బెంచీ మొత్తం నవ్వింది. నేనూ నవ్వాను. కొత్తవాళ్ల మధ్య అంత గట్టిగా ఎన్నడూ నవ్వలేదు.

"నీ యావంతా తిండి మీదనే" అని ఆయన్ను కసిరింది అవ్వ. ఆమె ఆ రోజూ వచ్చింది. "నాకైతే పొద్దుగాల్నంటే వాకిలూడ్చి ముగ్గేసుడే."

ఇంటికెళ్లి ముగ్గు గీశాను. మళ్లీ వెళ్లి ఇస్తే అవ్వ ఇట్టే "పొద్దుగాలది" అని, నెలవంకను "పండుకునేముందు" అని వేరుగా పెట్టింది. బెంచీ మీద ఒక్కరు కూడా తడబడలేదు. సార్ చాయ్ గ్లాసు పక్కన పెట్టి వచ్చారు.

"మాట్లాడ రాదని మానేస్తనన్నవ్. ఎప్పుడూ మాట్లాడేటోళ్లకు గిదంత వినపడతదా?"

ఆ సాయంత్రం కామారెడ్డి బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఎవరికీ వినపడకుండా, గెలిచాను అనుకున్నాను. చదువు మానలేదు. ఇవాళ నా బతుకు ఆ పనే. ఆ ముగ్గు కవర్లను ఎల్లారెడ్డి దుకాణాలవాళ్లు అచ్చు వేయించుకున్నారు; అక్కడ మందులు కొంటే ఒకటి మీ చేతికీ వచ్చి ఉండవచ్చు.

సార్ ఇంటికి చేరేసరికి వాకిట్లో ముగ్గు లేదు. లోపల ఆయన మంచం దగ్గర, పిట్లం నుంచి వచ్చిన వాళ్ల అక్క మందులు సర్దుతోంది. ఆమెకు చదవడం రాదు. నన్ను ఎరగదు. కిటికీలోంచి ఒక కవరు తీసి చూసి, పక్కనున్నావిడతో అంది: "గివి తమ్ముని పొద్దుగాల గోలీలు."

ఆయన షరతు ప్రకారం నేను నోరు విప్పలేదు. ఆమె ఆ ముగ్గును బొటనవేలితో ఒకసారి నిమిరి, కవరును మళ్లీ కిటికీలో, వెలుతురులో పెట్టింది.