విశాఖ రేవులో ఒరొకొలో మాట

పాపువా న్యూగినీకి స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో ఒక ఆదివారం, ఒరొకొలో అనే భాష వినడానికి విశాఖపట్నం బయలుదేరాను. నేను శ్రీకాకుళంలో తెలుగు టీచరుని. కొత్త భాష పేరు వింటే నాకు కాలు నిలవదు. ఆ దేశపు దక్షిణ తీరంలో, నల్లటి ఇసుక ఒడ్డున ఉండే పల్లెల వాళ్ల మాట అది. అది మాట్లాడేవాళ్లు ఇద్దరు ఓడలో వచ్చారని, పోర్టులో గుమాస్తాగా ఉన్న మా బావ కబురు పంపాడు.

ఆమదాలవలసలో పొద్దున్న పాసింజరు ఎక్కాను. ఎదురు సీట్లో ఎండుచేపల బుట్టతో ఉన్నావిడ నా ప్రయాణం సంగతంతా రాబట్టి, "నీకు తెలీని మాట ఇనడానికి ఇంత దూరమెల్తన్నావేటమ్మా?" అంది. అవునన్నాను. జాలిపడి ఒక జంతిక పెట్టింది.

పది దాటాక దిగి, సిటీ బస్సులో సీతమ్మధారలో అక్క ఇల్లు చేరాను. మధ్యాహ్నానికి బావ మోషేని భోజనానికి తీసుకొచ్చాడు. ఆ ఇద్దరిలో చిన్నవాడతను. ఇంగ్లీషు బాగా వచ్చు. వాళ్ల భాషలో 'స' లేదట. పొరుగున ఉండే తోఆరిపి వాళ్లు 'స' అన్నచోట వీళ్లు 'హ' అంటారట. అక్క "ఇంకో సేప ఎయ్యనా?" అని అడిగితే, మోషే మొహం గంభీరంగా పెట్టి "హేప" అంటూ కంచం చాపాడు.

తన భాషలో మాట్లాడమన్నాను. నాలుగు ముక్కలు చెప్పి ఆగిపోయాడు. బదులు పలికేవాడు లేకపోతే నోరు రావడం లేదన్నాడు. రెండోవాడు ఓడ సరంగు, అంటే కళాసీల పెద్ద. ఇతనికి స్వయానా మేనమామ. దారిలో ఎక్కడో మోషే ఆయన చుట్టల డబ్బా సముద్రంలో పడేశాడు. అప్పట్నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

బావ వెంటనే రాయబారానికి సిద్ధమయ్యాడు. మోషే అతనికొక పలకరింపు నేర్పాడు. 'అయ్యా, తమరు క్షేమమా' అని అర్థమట. బావ దాన్ని బస్సులో దారి పొడుగునా వల్లిస్తుంటే కండక్టరు కాస్త దూరంగా జరిగాడు.

మూడున్నరకి పోర్టు గేటు ఎదుట టీ కొట్టుకి చేరాం. నెరిసిన జుట్టు, భారీ శరీరం, మోషే మేనమామ బల్ల మీద ఒంటరిగా ఉన్నాడు. మోషే లారీ చాటుకి పోయాడు. బావ చేతులు జోడించి పాఠం అప్పజెప్పాడు. ముసలాయన రెప్ప వెయ్యలేదు. మళ్లీ చెప్పమని సైగ చేశాడు. బావ ఈసారి కొట్టంతా వినేలా చెప్పాడు.

ముసలాయన గ్లాసు కింద పెట్టి, పొట్ట పట్టుకుని, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. లారీ వైపు తిరిగి ఏదో అరిచాడు. మోషే బదులు పలుకుతూ బయటికొచ్చాడు. ఇక వాళ్లని ఆపేవాళ్లు లేరు. హల్లులు తక్కువ, అచ్చులు ఎక్కువ. ఒకరి మాట పూర్తికాకుండానే రెండోవారు అందుకునేవారు. తిట్టుకుంటున్నారో, ఊరి కబుర్లు చెప్పుకుంటున్నారో తెలియలేదు. చివరికి మామ మేనల్లుడి నెత్తిన ఒక మొట్టికాయ వేసి టీ చెప్పాడు. మోషే కళ్లు తుడుచుకున్నాడు. మొట్టికాయ గట్టిగానే తగిలిందనుకుంటాను.

"సూసావా మరదలా, నాను మాటాడితే ఎలా కరిగిపోనాడో," అన్నాడు బావ.

మోషే నా పక్కకి జరిగి అసలు అర్థం చెప్పాడు: 'మామా, నేను బుద్ధిలేని పందిని. నాతో మాట్లాడు.'

సాయంత్రం పాసింజరు ఎక్కించడానికి బావ స్టేషనుకొచ్చాడు. ఆ పెద్దాయనకి అంత నవ్వు ఎందుకొచ్చిందని అడిగాడు. నీ ఉచ్చారణకి ముచ్చటపడ్డాడన్నాను. "మరేటనుకున్నావు," అని కాలరు సర్దుకున్నాడు.

సింహాచలం దాటేదాకా నాలో నేనే నవ్వుకున్నాను. ఒక్క ముక్కా అర్థం కాకుండా అంత తృప్తిగా విన్న సంభాషణ నాకు మరొకటి లేదు. నాలాగే భాషలు వినడానికి ఊళ్లు పట్టుకు తిరిగేవాళ్లకి ఒకటే సలహా. అక్కడ ఇద్దరున్నారని తెలిస్తే చాలదు. ఆ ఇద్దరికీ మాటలున్నాయో లేదో కనుక్కుని బయలుదేరండి.