మా బేస్‌మెంట్‌లో టోలెడో

డాక్టరు చెప్పిన జాగ్రత్త ఒక్కటే. అత్తగారికి మతిమరుపు మొదలైంది కాబట్టి కొత్త చోట్లకు తిప్పొద్దు, తెలియని గది చూస్తే బెదిరిపోతారు, తెలిసిన చోటే ఉంచండి అన్నాడు. ఆసుపత్రి నుంచి ఒంటారియోలోని కనాటాలో మా ఇంటికి వచ్చేదాకా మామగారు కారు కిటికీలోంచి రోడ్లే చూస్తూ కూర్చున్నారు. ఆయన బస్సు డిపో మేనేజరుగా రిటైరైన మనిషి. ఒక రోడ్డు మూసేస్తే ఇంకో రోడ్డు మీంచి బస్సు పంపించడమే ఆయన జీవితమంతా చేసిన పని. గరాజ్‌లో కారు ఆగాక సీటు బెల్టు తీస్తూ అన్నారు.

"కొత్త చోటుకి తీసుకెళ్ళద్దన్నాడు కదమ్మాయ్. సరే. టోలెడోని పాత చోటు చేసేద్దాం."

టోలెడో అంటే స్పెయిన్‌లో కొండమీద ఉన్న పాత ఊరు. చుట్టూ ఏరు, లోపలంతా ఇరుకు సందులు, ఏ సందులోకి తిరిగినా ఓ మ్యూజియం. అత్తగారు ఫోన్‌లో గోంగూర పచ్చడి వీడియో చూస్తుంటే, అది అయ్యాక దానంతటదే ఆ ఊరి వీడియో మొదలైంది. ఆవిడ రెప్ప వాల్చకుండా చూసి, "ఏవండీ, ఈ ఊరు ఎంత బావుందో, ఒక్కసారి తీసుకెళ్ళరూ?" అన్నారు. పెళ్ళయినప్పటి నుంచీ ఆవిడ ఫలానాది కావాలని అడగడం అదే మొదలట. మర్నాడు కూడా అడిగారు, అప్పుడే మొదటిసారి అడుగుతున్నట్టు. ఆ మర్నాడూ అంతే. మామగారు ప్రతిసారీ "అలాగే" అంటూ వచ్చారు. వచ్చే ఏడాదికి ఆవిడ మమ్మల్నైనా గుర్తుపడతారో లేదో తెలియదు. వెళ్తే ఇప్పుడే వెళ్ళాలి.

అలా ఇంటి కిందనున్న నా బేస్‌మెంట్ నాకు కాకుండా పోయింది.

మామగారు ఆ ఊళ్ళోని ఒక మ్యూజియం ప్లాన్ నెట్‌లోంచి దింపి, నా కార్పెట్ మీద మాస్కింగ్ టేపుతో గోడలు గీశారు. ట్రెడ్‌మిల్‌ని ఏటవాలుగా పెట్టి, అది టోలెడో కొండ అన్నారు. కొండెక్కాక మెట్ల మీద కాసేపు నిలబడాలి, అది టికెట్ల క్యూ. తర్వాత చేతిసంచీ లాండ్రీ బుట్టలో పెట్టాలి, అది సెక్యూరిటీ చెకింగ్. ఇస్త్రీ బల్ల మీద వంటింటి కత్తులన్నీ వరసగా పేర్చారు. ఆ ఊరు కత్తులకి పేరట. ఉల్లిపాయ తరుక్కోవాలంటే నేను మ్యూజియానికి వెళ్ళి తెచ్చుకోవాల్సి వచ్చేది.

వాషింగ్ మెషీన్ ఉన్న గది మ్యూజియంలో అసలైన గది. టోలెడో మ్యూజియంలో ఉన్న అపొస్తలుల, అంటే యేసు శిష్యుల, చిత్రాలు ప్రింట్లు తీయించి గోడల నిండా అంటించారు. ఆ బొమ్మల్లో అందరూ ఎవరో పట్టుకుని పొడుగ్గా లాగినట్టు ఉంటారు, వేళ్ళు కూడా అంతే. అత్తగారు రోజూ తాళంచెవులు పట్టుకున్న అపొస్తలుడి ముందు ఆగి, "పాపం, ఈయనకి అన్నం పెట్టేవాళ్ళు లేరు కాబోలు" అని జాలిపడేవారు.

ఇంతవరకూ ఓర్చుకున్నాను. కానీ మా ఇంట్లో బూట్లు గుమ్మం దగ్గరే విప్పాలి. మంచు కాలంలో మంచు కరగడానికి వీధుల్లో చల్లే ఉప్పంతా బూట్లతోనే వస్తుందని ప్లంబర్ని కూడా నేను వదలను. అలాంటిది మామగారు అత్తగారికి బూట్లు తొడిగి మరీ కిందికి నడిపించారు. "ఇక్కడ విప్పడం అలవాటైతే అక్కడా విప్పేస్తుందమ్మాయ్" అన్నారు. ఆయన చెప్పింది సబబే, అదే నా ఒళ్ళు మండించింది.

పైగా కాపలాకి మనిషి కావాలన్నారు.

"మీ అబ్బాయిని పెట్టుకోండి" అన్నాను.

"వాడు నవ్వేస్తాడు. నీ మొహమైతే సరిగ్గా సరిపోతుంది."

పగలంతా ఆఫీసులో సాఫ్ట్‌వేర్ టెస్ట్ చేసి, సాయంత్రం నల్ల వింటర్ కోటు తొడుక్కుని వాషింగ్ మెషీన్ పక్కన నిలబడేదాన్ని. అత్తగారు చిత్రం మీద చెయ్యి వేయబోతే "నో టచ్" అనాలి. అత్తగారి మొహం మీదే అంతమాట అనే హక్కు ఒంటారియో మొత్తంలో ఇంకే కోడలికీ ఉండి ఉండదు. మొదట్లో కొంచెం సంతోషంగానే అన్నాను. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుని, నావైపు మర్యాదగా చూసి, "ఎంతసేపు నిలబడతారమ్మా, కూర్చోండి" అనేవారు. నన్ను మీరు అని ఆవిడ అంతకుముందెప్పుడూ అనలేదు. అది ఆటలో భాగమో, నిజంగానే నన్ను పోల్చుకోలేదో తెలిసేది కాదు. అడగడానికి భయమేసి, కాపలావాళ్ళు కూర్చోకూడదన్నట్టు తల అడ్డంగా ఊపేదాన్ని.

సోమవారం మాత్రం మ్యూజియానికి సెలవు, టోలెడోలో ఆ రోజు సెలవు కాబట్టి. మిగతా రోజుల్లో మెషీన్ నడిస్తే సందర్శకులకి ఇబ్బందట. అందుకని ఇంటిల్లిపాది బట్టలూ సోమవారమే ఉతికేదాన్ని. ఈ సంగతి ఎలా పాకిందో, చర్చిలో తెలిసినావిడ ఫోన్ చేసి, "ఆదివారం ఆరాధన అయ్యాక మా అత్తయ్యని తీసుకొస్తా, మీ మ్యూజియం తెరిచే ఉంటుందా?" అంది. మామగారు ఫోన్ లాక్కుని టైమింగ్స్ చెప్పారు.

మే నెలలో నలుగురం బయల్దేరాం. విమానంలో ఆవిడ హాయిగా నిద్రపోయారు. తీరా టోలెడో చేరాక తెలిసింది, మామగారు అన్నీ రిహార్సల్ చేయించారు గానీ హోటల్ గదిని మర్చిపోయారు. పొద్దున లేస్తూనే అత్తగారు తలుపు పట్టుకుని ఏడ్చారు. "ఇది మనిల్లు కాదు. నన్ను మనింటికి తీసుకెళ్ళండి." మావారు తల్లిని పట్టుకుని ఊరుకోబెడుతున్నారు. మామగారు మంచం అంచున కూర్చుండిపోయారు. "డాక్టరు మాట వినాల్సింది" అన్నారు. అన్నాళ్ళూ ఆయన మీద కోపంగా ఉన్న నాకు, ఆ మాట ఆయన నోట వినలేక దుఃఖం వచ్చింది.

"అత్తయ్యగారికి బూట్లు తొడగండి మామయ్యగారూ. క్యూ దాకా వెళ్దాం" అన్నాను.

కొండ ఎక్కేటప్పుడే ఆవిడ ఏడుపు తగ్గింది. క్యూలో సర్దుకుని నిలబడ్డారు. సెక్యూరిటీ దగ్గర ఎవరూ చెప్పకుండానే సంచీ తీసి పెట్టారు. లోపలికి వెళ్ళాక ఆగిపోయింది మాత్రం మామగారే. ఆయన ప్లాన్‌ని తిరగేసి గీశారట, ఎడమ గోడ కుడికి వచ్చింది. పైకప్పు చూడబోతే ఎక్కడో ఉంది. గది మధ్యలో నిలబడి, "దారి తప్పామమ్మాయ్" అన్నారు.

అత్తగారు ఆయన మణికట్టు పట్టుకున్నారు. "కొత్త చోటని బెదిరినట్టున్నారు. కంగారు పడకండి, ఇది మన కింది గదేగా" అని ఆయన్ని నడిపించుకుంటూ నేరుగా తాళాల అపొస్తలుడి దగ్గరికి తీసుకెళ్ళారు. "చూశారా, ఇంకా అన్నం పెట్టలేదు" అన్నారు. తర్వాత ఆ పక్కనున్న ఖాళీ మూల చూసి, "వాషింగ్ మెషీన్ తీసేశారేం?" అని చిరాకు పడ్డారు. ఆ ఊపులో అపొస్తలుడి మీదికి చెయ్యి చాచారు.

గుమ్మం దగ్గరున్న గార్డు పరుగున వచ్చింది. నల్ల కోటు, నా వయసు మనిషి. ఆమె స్పానిష్‌లో ఏదో అంటే, అత్తగారు ఆమె చెయ్యి పట్టుకుని, నన్ను చూపించి, తెలుగులో చెప్పారు.

"మా కోడలూ మా ఇంట్లో ఇదే ఉద్యోగం చేస్తుందమ్మా. పాపం నిలబడి నిలబడి కాళ్ళు లాగేస్తాయి దానికి. నేను కూర్చోమంటే కూర్చోదు."

నేను అక్కడే ఏడ్చేశాను. గార్డు ఏమనుకుందో, తన స్టూలు తెచ్చి నా ముందు పెట్టింది.

కనాటా తిరిగొచ్చాక ఒక సోమవారం కింద మెషీన్‌లో బట్టలు వేస్తున్నాను. గోడల మీద ప్రింట్లు ఇంకా తీయలేదు. పైన గోంగూర పచ్చడి వీడియో అయిపోయింది, తర్వాతది మొదలైంది.

"ఏవండీ, ఈ ఊరు ఎంత బావుందో, ఒక్కసారి తీసుకెళ్ళరూ?"

మొన్నే వెళ్ళొచ్చాం అని మామగారు అనలేదు. సోమవారం సెలవనీ అనలేదు. "అలాగే, బూట్లు వేసుకో" అన్నారు. నేను మెషీన్ ఆపేసి నల్ల కోటు తొడుక్కున్నాను. ఇద్దరూ మెట్లు దిగొచ్చారు. ఆవిడ అపొస్తలుడి మీద జాలిపడి, నావైపు తిరిగి, "ఎంతసేపు నిలబడతారమ్మా, కూర్చోండి" అన్నారు.

ఈసారి కూర్చున్నాను.