కారుకు గవర్నరు బిగించిన సంగతి

బందరులో సొంతంగా చిన్న ఆసుపత్రి పెట్టుకున్న కొత్తల్లో, దేశం వదిలి వెళ్ళిపోతున్న ఒక దొరసాని దగ్గర పాత కారు కొన్నాను. యుద్ధానికి ముందుది. పెద్ద గుండ్రటి లైట్లు, పగుళ్ళిచ్చిన తోలు సీట్లు. కారుతో పాటు ఆవిడ డ్రైవరు కూడా నా దగ్గరికే వచ్చాడు. అప్పటికే యాభై దాటిన మనిషి. మా నాన్న బడిపంతులుగా పనిచేసిన పల్లెకు పక్క ఊరు ఆయనది. నా చిన్నప్పుడు మా రెండు కుటుంబాలూ ఒకే చర్చికి వెళ్ళేవి కాబట్టి నేను ఆయన్ని బాబాయ్ అని పిలిచేదాన్ని. ఆయన నన్ను డాక్టరమ్మా అనేవాడు.

ప్రతి గురువారం గర్భిణీలను చూడటానికి అవనిగడ్డ వెళ్ళేదాన్ని. చల్లపల్లి, మోపిదేవి మీదుగా దారి. వెనక సీట్లో కూర్చుని కేసు కాగితాలు రాసుకునేదాన్ని. నాలుగో ఏడు అనుకుంటాను, నా రాత చెదరడం మొదలైంది. కారు ఉన్నట్టుండి ముందుకు దూకేది, మళ్ళీ నీరసపడేది. ఇంజను ముసలిదైపోయిందనుకున్నాను. ఒకసారి ఆయన్ని అడిగితే, "పెట్రోలులో చెత్త ఉందమ్మా" అన్నాడు. నమ్మాను.

ఒక గురువారం మోపిదేవి దాటాక రేడియేటరులో నీళ్ళు పొయ్యడానికి కారు ఆపాడు. కాలవ గట్టు దిగుతూ జారి కూలబడ్డాడు. నేను దిగి వెళ్ళేసరికి పంచె సర్దుకోవడానికి తంటాలు పడుతున్నాడు. కుడికాలు మోకాలి దాకా వాచి ఉంది. చర్మం మొద్దుబారి, చీలమండ దగ్గర మడతలు పడింది. చెప్పు పట్టీలు కోసేసి తాడుతో కట్టుకున్నాడు. బోదకాలు. నిన్న మొన్న వచ్చింది కాదు, ఏళ్ళ నాటిది.

"ఎన్నాళ్ళయింది, బాబాయ్?"

"మీ దగ్గర చేరేటప్పటికే కొంచెం ఉందమ్మా. ఇప్పుడు చీలమండ వంగట్లేదు. యాక్సిలేటరు మీద కాలేస్తే ఎంత తొక్కానో నాకే తెలియట్లేదు."

"నాకెందుకు చెప్పలేదు?"

ఆయన తాళాలు తీసి నా చేతిలో పెట్టాడు. నాకు కారు నడపడం రాదు. తాళాలు మళ్ళీ ఆయనకే ఇచ్చి, నెమ్మదిగా నడపమన్నాను. వాపుందేమోనని రోజూ ఎందరి కాళ్ళో నొక్కి చూసేదాన్ని, నాలుగేళ్ళు నా ముందు కూర్చున్న మనిషి కాలు చూడలేదు. ఆ రోజు ఇంటికి వెళ్ళేదాకా దాని గురించే ఆలోచించాను.

మాత్రలు మొదలుపెట్టాను కానీ, అంత ముదిరిన వాపు మాత్రలతో తగ్గదని నాకు తెలుసు. ఇంకో డ్రైవరును చూసుకోమని తెలిసినవాళ్ళు చెప్పారు. న్యాయమైన సలహానే. అయితే ఆయన ఎడమకాలు బాగుంది, చేతులు బాగున్నాయి, చూపు బాగుంది. పనిచెయ్యనిది ఒక్క కుడి పాదం. ఆ పాదం పని ఇంకోదానికి అప్పజెప్పగలిగితే చాలనిపించింది.

గుడివాడలో రైసుమిల్లుల ఆయిలింజన్లు బాగుచేసే మేస్త్రి ఒకాయన ఉండేవాడు. తక్కువ మాట్లాడే మనిషి. ఆయన భార్యకు నేనే కాన్పు చేశాను. కారు ఆయన షెడ్డుకు తీసుకెళ్ళి సంగతి చెప్పాను.

"కాలు లేకుండా కారు నడపడమేంటండీ?" అన్నాడు.

"ట్రాక్టరుకు చేత్తో లాగే యాక్సిలేటరు ఉంటుంది కదండీ. అలాంటిది పెట్టలేరా?"

మొదట అదే పెట్టాడు. స్టీరింగు కింద ఒక మీట, దాని నుంచి కార్బురేటరుకు తీగ. మీట ఎంతవరకు లాగి ఆపితే పెట్రోలు ఆ మేరకే వెళ్తూ ఉంటుంది. పామర్రు రోడ్డు మీద బాబాయ్ నడుపుతుంటే నేను వెనక కూర్చున్నాను. చదునైన చోట బాగానే ఉంది. కాలవ వంతెన ఎక్కేటప్పుడు కారు ఈడ్చుకుంటూ ఎక్కింది, దిగేటప్పుడు పరుగందుకుంది. వంతెన దిగగానే ఎదురుగా బాతుల మంద రోడ్డు దాటుతోంది. ఆయన ఎడమకాలితో క్లచ్చి తొక్కాడు. మీట తగ్గించడం మర్చిపోయాడు. బరువు వదిలిన ఇంజను గట్టిగా అరిచింది. ఆ అరుపుకు బాతులు నాలుగు వైపులా చెదిరిపోయాయి. కుడికాలు బ్రేకు మీదికి సరిగా రాక, ఆయన హేండుబ్రేకు లాగి, కారును ఎలాగో గట్టు అంచున ఆపాడు. ఒక్క బాతు కూడా చావలేదు కానీ, వాటిని తోలే మనిషి కర్ర పట్టుకుని కారు చుట్టూ తిరుగుతూ మమ్మల్ని చాలాసేపు తిట్టాడు. మేమిద్దరం లోపల కూర్చుని విన్నాం.

మేస్త్రి అదంతా విని మీట ఊడదీశాడు. వారం తర్వాత రమ్మన్నాడు.

వెళ్ళేసరికి బల్ల మీద ఒక పాత ఆయిలింజను గవర్నరు ఉంది. తిరిగే కడ్డీకి రెండు ఇనప గుండ్లు. ఇంజను జోరు పెరిగితే గుండ్లు విచ్చుకుని పెట్రోలు తగ్గిస్తాయి, జోరు తగ్గితే ముడుచుకుని పెంచుతాయి. మిల్లులో బియ్యం పట్టే ఇంజను ఒకే తీరున తిరిగేది దీనివల్లనేనని చెప్పాడు. దాన్ని ఫ్యాను బెల్టుతో తిప్పి, స్ప్రింగు బిగువు మార్చడానికి ఒక మీట పెడతానన్నాడు. క్లచ్చికీ బ్రేకుకీ తీగ కడతానన్నాడు.

"బ్రేకు తొక్కగానే అది పట్టు వదిలెయ్యాలండీ. అది కుదరకపోతే నేను బిగించను," అన్నాడు.

మూడు రోజులు పట్టింది. రెండు బ్రాకెట్లు విరిగాయి, బెల్టు ఒకసారి తెగింది. బ్రేకు పెడలును కాస్త ఎడమవైపుకు సాగదీసి, ఎడమకాలికి అందేలా చేశాడు. మొదటిసారి నడిపినప్పుడు బాబాయ్ నన్ను ఎక్కనివ్వలేదు. "ముందు మేస్త్రి కూర్చుంటాడు. కట్టింది ఆయనేగా," అన్నాడు. ఇద్దరూ గంటన్నర తర్వాత తిరిగొచ్చారు. అరవై సార్లు బ్రేకు తొక్కి చూశామని మేస్త్రి చెప్పాడు.

ఆ సాయంత్రం కూచిపూడి, మొవ్వ మీదుగా చల్లపల్లి దాకా వెళ్ళి, అక్కడినుంచి బందరు వచ్చాం. స్పీడు చూపే ముల్లు పాతిక మైళ్ళ దగ్గర నిలబడిపోయింది. వంతెన ఎక్కేటప్పుడు ఇంజను తనంతట తనే గొంతు పెంచింది, దిగేటప్పుడు తగ్గించింది.

"ఎలా ఉంది, బాబాయ్?"

"ఎవరో కింద కూర్చుని తొక్కుతున్నట్టుందమ్మా. కాలు ఎక్కడ పెట్టుకోవాలో తోచట్లేదు."

తర్వాత ఆయనే ఒక చెక్కపీట చేయించుకుని దాని మీద కుడికాలు చాపుకునేవాడు. వాచిన కాలు ఎత్తులో పెట్టమని నేను ఎంత చెప్పినా అంతకుముందు వినలేదు. ఇప్పుడు గురువారం సాయంత్రాలు వాపు వేలితో నొక్కితే తెలిసేంత తగ్గేది. మర్నాటికి మళ్ళీ మామూలే. కారు మొరాయిస్తే "గవర్నరు గారికి ఇవాళ ఒంట్లో బాగాలేదమ్మా" అనేవాడు. ఊళ్ళో జనం బానెట్టు ఎత్తించి చూసేవారు. ఆయన ఓపిగ్గా చూపించేవాడు. ఎందుకు బిగించారని అడిగితే మాత్రం, "డాక్టరమ్మగారికి సరదా" అని చెప్పేవాడు. నేను కాదనలేదు.

అలా మూడేళ్ళు నడిచింది. తర్వాత ఆయనకు జ్వరాలు తరచుగా రావడం మొదలైంది. ఒక గురువారం అవనిగడ్డ నుంచి వచ్చాక ఆయన నా గదిలోకి వచ్చి నిలబడ్డాడు.

"ఇవాళ చల్లపల్లి దగ్గర మొదటిసారి బ్రేకు అందలేదమ్మా. రెండోసారికి అందింది. ఎడమకాలు కూడా బరువెక్కుతోంది. మీరు రాసుకుంటున్నారు, మీకు తెలియలేదు. ఇక నేను నడపను."

కూర్చోమన్నాను. కూర్చున్నాడు. ఎడమకాలు చూశాను. ఆయన చెప్పింది నిజమే.

"మరి నేనెలా వెళ్ళేది?" అన్నాను.

"మీరు నేర్చుకోవాలి. నేర్పుతాను."

రెండు నెలలు పట్టింది. ఆయన పక్కన కూర్చుని, నేను గేరు మార్చబోయేలోపే గేరు మార్చమని చెప్పేవాడు. గవర్నరు మీట ఒక్కసారి లాగి చూశాను. నాకు నచ్చలేదు. "మీకెందుకమ్మా అది, మీ కాలు బానే ఉందిగా," అన్నాడు.

మొదటిసారి అవనిగడ్డకు నేనొక్కదాన్నే నడుపుకుంటూ వెళ్ళిన రోజు ఆయనకు జ్వరం. సాయంత్రం తిరిగొచ్చేసరికి దుప్పటి కప్పుకుని ఆసుపత్రి వరండాలో కూర్చుని ఉన్నాడు. లేచి కారు చుట్టూ తిరిగాడు. నాలుగు టైర్లూ చూశాడు, బానెట్టు మీద చెయ్యి ఆనించి చూశాడు.

"దారిలో నీళ్ళు పోశారా?" అని అడిగాడు.

పోశానన్నాను. సరేనని ఇంటికి వెళ్ళిపోయాడు.