పిడికెడు బియ్యం

మిర్యాలగూడలో నర్సింగ్ చదివి, సూర్యాపేటలో ఒక దవాఖానలో కొన్నేళ్లు పనిచేశాను. నరం దొరకని పేషెంటు వస్తే "ఆ సిస్టర్‌ని పిలవండి" అని నన్నే అడిగేవాళ్లు. ఆ మాట విన్నరోజు ఇంటికి వెళ్లేదాకా హుషారుగా ఉండేది.

పెళ్లయి కోదాడ వచ్చాను. నా భర్త ఇక్కడ చిన్న సంఘానికి పాస్టరు. మొదటి ఆదివారమే, మా అమ్మ వయసున్నవాళ్లు కూడా నన్ను అమ్మగారు అన్నారు. సంతోషమే అనిపించింది. అప్పటినుంచి, ఒక్కసారి తప్ప, సంఘంలో నన్ను మరోరకంగా పిలిచినవాళ్లు లేరు.

మా సంఘంలో ఆడవాళ్లు ఎసరు పెట్టినప్పుడల్లా పిడికెడు బియ్యం దేవునికని పక్కన తీస్తారు. ఆదివారం తెచ్చి కానుక బల్ల దగ్గర గంపలో పోస్తారు. మేం తినేది ఆ బియ్యమే. కూలి చేతులు తీసిపెట్టిన గింజలు. ప్రార్థన చేయకుండా ఎన్నడూ కడగలేదు.

పోయిన ఎండాకాలం బస్టాండు దగ్గరి దవాఖానలో నర్సు కావాలన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. సంఘాన్ని అడిగి చేరమన్నారు మా ఆయన. ఆరాధన అయ్యాక అడిగాను. బైబిల్లో అపొస్తలుడే డేరాలు కుట్టి బతుకుతూ సువార్త చెప్పాడు కదా అన్నాను.

"మేం పెడతలేమా అమ్మగారూ?" అంది అనంతగిరి నుంచి ఆటోలో వచ్చే పెద్దమ్మ. "పాస్టరమ్మతోని పుండ్లు కడిగిస్తున్నరు, గిదేం సంఘం అనరా ఊరోళ్లు?"

"పుండ్లు కడిగితే తప్పేంది పెద్దమ్మా?"

"అయితే నా మోకాలు సూడుండ్రి, ఫీజు లేకుండ."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. సంఘ పెద్దలు ప్రార్థన చేసి వచ్చే ఆదివారం చెబుతామన్నారు.

ఆ ఆదివారం గంప నిండిపోతే బియ్యం నేల మీద పోశారు. సంచులతో తెచ్చారు కొందరు. మా ఇంట్లో గింజలు తక్కువై, అడగలేక నేను ఉద్యోగం మాట ఎత్తానని అనుకున్నారు. పెద్దమ్మ కొంగుమూట విప్పి నా చెయ్యి పట్టుకుంది.

"నోరు తెరిచి అడగొద్దా బిడ్డా? గింజల కోసం దవాఖానకు పోతవా?"

బియ్యం కోసం కాదు, నాకా పని ఇష్టం అని చెప్పాలి. ఆమె కళ్లల్లో నీళ్లున్నాయి. ఆమె వెనక ఇంకా వరుస ఉంది. ఖాళీ గంప ఒకటి తెచ్చి పట్టుకుని నిలబడ్డాను.

సోమవారం దవాఖానకు ఫోన్ చేసి రానని చెప్పాను.

మరుసటి ఆదివారం పెద్దమ్మకు మళ్లీ నేను అమ్మగారినే. బియ్యం మాత్రం అప్పటినుంచి రెట్టింపు వస్తున్నాయి.